చూచినది వ్రాసిపెట్టువారికి బహుమానము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఒక గ్రామములో గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపు మూయకుండ నిలుచుట సామాన్యమైన విషయము కాదు. చందా కట్టినవారు, పుస్తకములు దానము చేసినవారు, సాయంకాలము దీపము పెట్టి పాఠకులకొరకు కూర్చున్నవారు, ఇందరి ఓర్పు కలిసినగాని ఇది సాధ్యపడదు. ఎల్లంతకుంట ప్రజలను ఇందులకు మనసార అభినందించుచున్నాను.

ప్రకృతిని పరిశీలించు ఔత్సాహికులకును, ఆ విద్యలో క్రొత్తగా అడుగిడిన యువకులకును, తమ పరిశీలనలను అచ్చులో ప్రకటించుటకై ఇచ్చు బహుమానమును గూర్చి మాట్లాడుమని కార్యవర్గమువారు నన్ను కోరినారు. "మన ఊరికిని, అట్టి బహుమానమునకును ఏమి సంబంధము?" అని మీలో కొందరు అనుకొనవచ్చును. ఉన్నదనియు, అది మిక్కిలి దగ్గరి సంబంధమనియు చూపుటయే నా ఉద్దేశము. ఎక్కడివారో వ్రాసినదానిని మనము చదువుకొను చోటు గ్రంథాలయమని సాధారణముగా భావింతుము. మనము చూచినదానిని ఎక్కడివారో చదువుకొనునట్లు చేయుట కూడ గ్రంథాలయముయొక్క ధర్మమే అని నా విశ్వాసము.

ముందుగా ఇట్టి బహుమానములు లోకములో ఎట్లున్నవో చూతము. లండను నగరములో 1788వ సంవత్సరమున స్థాపింపబడిన లిన్నియన్ సొసైటీ అను ప్రకృతిశాస్త్ర సంఘమొకటి కలదు. హ్యారీ హోవార్డ్ బ్లూమర్ అను ఆయన విడిచిపోయిన ధనముతో ఆ సంఘమువారు 1963వ సంవత్సరములో ఒక పురస్కారమును నెలకొల్పిరి. జీవశాస్త్ర విజ్ఞానమునకు ముఖ్యమైన సేవ చేసిన ఔత్సాహికునకు దానిని ఇత్తురు. ఔత్సాహికుడనగా ఎవరు? జీతముకొరకు గాక ప్రీతికొరకు శాస్త్రమును సేవించువాడు. అతడు బడిపంతులు కావచ్చును, తపాలా ఉద్యోగి కావచ్చును, వ్యవసాయదారుడు కావచ్చును. అదే సంఘము 1978వ సంవత్సరము మొదలుకొని యువ జీవశాస్త్రజ్ఞులకు వేరొక పతకము ఇచ్చుచున్నది. మన దేశములో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖవారు 1999వ సంవత్సరములో వృక్షశాస్త్రజ్ఞురాలు ఇ. కె. జానకీ అమ్మాళ్ పేరుమీద, మొక్కలను జంతువులను గుర్తించి వర్గీకరించు శాస్త్రములో కృషి చేసినవారికి పురస్కారమును ఏర్పరచిరి.

వీనియన్నిటి వెనుక ఒక నియమమున్నది. చాల చూచితినని చెప్పుకొన్నంత మాత్రమున శాస్త్రలోకములో పురస్కారము రాదు. చూచినదానిని వ్రాసి, తెలిసినవారు పరీక్షించుటకు వీలుగా ప్రకటించియుండవలెను. ఈ నియమము పల్లెలలో ఉన్నవారికి కఠినముగా తోచును. అది ఎందుకు అవసరమో మన తెలుగు దేశపు పక్షి యొకటి చెప్పగలదు.

కడప జిల్లాలోని ముళ్లపొదల అడవులలో కలివికోడి అను పక్షి కలదు. పగలు పొదలమాటున నక్కియుండి రాత్రివేళ నేలమీద తిరుగును. టి. సి. జెర్డను అను సైనిక వైద్యుని మూలముగా ఇది శాస్త్రలోకమునకు తెలిసి, 1848వ సంవత్సరములో గ్రంథస్థమైనది. 1900వ సంవత్సరము తరువాత దీనిని చూచిన శాస్త్రజ్ఞుడు లేడు. వారు వెదకిరి, కనబడలేదు. ఈ పక్షి నశించిపోయినదని తలచిరి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ అను యువకుడు ఆ ప్రాంతమునకు పోయి స్థానికులను విచారించెను. 1986 జనవరిలో, రెడ్డిపల్లె ప్రాంతమున, ఐతన్న అను పిట్టల వేటగాడు రాత్రి దీపపు వెలుగులో ఆ పక్షిని పట్టి తెచ్చెను. శాస్త్రజ్ఞులకు ఎనుబదియారు సంవత్సరములు కానరాని పక్షి, ఐతన్నకు ఎరుకయైన పక్షియే!

ఈ వృత్తాంతము విని, "చూచితిరా, చదువుకొన్నవారికంటె మన పల్లెవాడే గొప్ప" అని సంతోషించి ఊరకుండుట తగదు. ఆ ఎనుబదియారు సంవత్సరములలో ఆ అడవిలో కట్టెలు కొట్టినవారు, మేకలు కాచినవారు, వలలు పన్నినవారు ఎందరో ఆ పక్షిని చూచియుందురు. వారి ఎరుక వారితోడనే మట్టిలో కలిసినది. లోకమునకు తెలియని పక్షికి లోకము రక్షణ కల్పింపలేదు. దాని సంగతి ప్రకటింపబడిన తరువాతనే, 1988వ సంవత్సరములో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. తరువాత తెలుగుగంగ కాలువ ఆ పక్షి నివాసమునకు అడ్డముగా వచ్చినప్పుడు, పరిశోధకులు వ్రాసియుంచిన ఆధారములవలననే కాలువ మార్గమును మార్చుట సాధ్యమైనది. నోటి మాటవలన కాలువ తప్పుకొనదు. తేదీ, స్థలము, సాక్ష్యము కల కాగితమునకు ఆ బలము కలదు.

ఇంకొంచెము వెనుకకు పోవుదము. పదునెనిమిదవ శతాబ్దము చివర ప్యాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణములో నివసించి, మన తీరమునందలి పాములను గూర్చి విచారించి 1796వ సంవత్సరములో గొప్ప గ్రంథమును వెలువరించెను. అందులో పాములకు తెలుగు పేర్లనే వ్రాసెను. మనము రక్తపింజర అనునది ఆ గ్రంథములో "కాటుక రేకుల పొడ" అను అందమైన పేరుతో కనబడును. నేడు ఆ పామును ప్రపంచమంతయు రస్సెల్ పేరుతో పిలుచుచున్నది. వాల్టర్ ఇలియట్ అను దొర రెవెన్యూ, పరిపాలన ఉద్యోగములు చేయుచునే తెలుగు దేశపు మొక్కల పేర్లను సేకరించి 1859వ సంవత్సరములో "ఫ్లోరా ఆంధ్రికా" అను గ్రంథమును ప్రకటించెను. ఇందాక చెప్పిన జెర్డను నెల్లూరులో వైద్యుడుగా ఉన్నప్పుడు అచ్చటి యానాదులవలన అడవి సంగతులెన్నో తెలిసికొనెను.

వీరిలో ఇలియట్, జెర్డను జీతము తీసికొన్నది వేరొక పనికి. పరిశీలన వీరి అభిరుచి. ఔత్సాహికులనగా ఇట్టివారే. వీరి కృషికి మనము కృతజ్ఞులము. అయినను ఒక ప్రశ్న మనస్సున మెదలక మానదు. రస్సెలునకు పాము పేరు చెప్పినది ఎవరు? ఇలియటునకు చెట్టు చూపినది ఎవరు? జెర్డను వెంట అడవి తిరిగిన యానాది పేరేమి? చూపినవాని పేరు లేదు, వ్రాసినవాని పేరు నిలిచినది. ఇందులో ఒకరిని నిందించి ప్రయోజనము లేదు. కలము పట్టినవానికే పేరు దక్కునన్నది లోకరీతి. కనుక చూపువాని చేతనే కలము పట్టింపవలెను. పురస్కారమునకు మొదటి ప్రయోజనము ఇదియే.

"అట్టి పని చేయుటకు పెద్ద చదువులు వలదా?" అని అడుగుదురు. సాలిం ఆలీ మహాశయుని చరిత్రమే దీనికి సమాధానము. ఆయనకు విశ్వవిద్యాలయ పట్టము లేదు. బెర్లినులో కొంతకాలము పక్షిశాస్త్రమును అభ్యసించి 1930వ సంవత్సరములో స్వదేశమునకు వచ్చునప్పటికి ఆయనకు ఉద్యోగము లేదు. బొంబాయి దగ్గరి కీహీము అను సముద్రతీర గ్రామములో కాపురముండి, ఎదురుగా గూళ్లు అల్లుకొనుచున్న గిజిగాండ్లను దినదినము గమనించి, వ్రాసికొనెను. మగపక్షి గూటిని సగము అల్లి ఆపును. ఆడపక్షి వచ్చి పరీక్షించి, నచ్చిననే అందు ప్రవేశించును. పిమ్మట మగపక్షి ఆ గూటిని పూర్తిచేసి, వేరొక గూటిని మొదలుపెట్టి మరియొక ఆడపక్షిని పిలుచును. ఈ విషయములను ఆయన 1931వ సంవత్సరములో ప్రకటించెను. నిరుద్యోగి వ్రాసిన ఆ వ్యాసమువలన ఆయనకు శాస్త్రలోకములో గౌరవము కలిగినది.

వెంటనే ఆయన చేసిన పని మన ప్రాంతమునకు సంబంధించినది. ప్రయాణపు ఖర్చులు భరించిన చాలును, జీతము వలదని చెప్పి, నాటి హైదరాబాదు సంస్థానమంతట పక్షులను గూర్చి 1931-32లో సర్వే చేసెను. ఆ ఫలితములు బొంబాయి సంఘపు పత్రికలో వరుసగా అచ్చయినవి. తెలంగాణములో అప్పుడు ఏ పక్షి ఎక్కడ ఉండెనో నేడు తెలిసికొనుటకు అదియే మూలాధారము. తరువాతి కాలములో ఆయనకు పాల్ గెట్టీ బహుమానము లభించినప్పుడు ఆ ధనమును ప్రకృతి సంరక్షణ నిధికి మూలధనముగా సమర్పించెను. ఒకరికి వచ్చిన బహుమానము తరువాతివారికి ఊతమగుట ఇట్లు.

గిజిగాడు మనకు తెలియని పక్షియా? మన తాటిచెట్ల మట్టలకు, చెలమల మీదికి వంగిన తుమ్మకొమ్మలకు ఆ గూళ్లు వ్రేలాడుచునే యుండును. దినము రెండుమార్లు తాడెక్కి దిగు గౌడన్నకు ఏ చెట్టున ఎన్ని గూళ్లున్నవో, ఏ కార్తెలో అల్లిక మొదలగునో తెలియును. కీహీములో సాలిం ఆలీ చూచినదానికంటె ఎక్కువ ఎత్తునుండి, ఎక్కువ దగ్గరనుండి అతడు చూచుచున్నాడు. అతని వద్ద లేనిది నోటుపుస్తకము మాత్రమే.

మరియొక ఉదాహరణము. కె. కె. నీలకంఠన్ అను కేరళీయుడు ఆంగ్ల సాహిత్యము బోధించిన ఉపాధ్యాయుడు. పక్షులపై ప్రీతి ఆయనకు వ్యసనమువంటిది. ఆయన 1946వ సంవత్సరములో, తన ఇరువదిమూడవ ఏట, పశ్చిమగోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామమున గూడబాతులు పెద్ద కొలువుగా చేరి గూళ్లు పెట్టుచున్న విషయమును కనుగొనెను. ఊరివారికి అది క్రొత్త సంగతి కాదు. శాస్త్రలోకమునకు మాత్రము అపూర్వమైన వార్త. 1949వ సంవత్సరములో ఆయన వ్యాసము బొంబాయి సంఘపు పత్రికలో వెలువడినది. తరువాతి దశాబ్దములలో ఆ కొలువు చెదరిపోయినది, గూడబాతులు ఆ చోటును విడిచిపోయినవి. నేడు ఆరేడు గూడబాతులను చూడదలచినవారికి ఆ వ్యాసమే దిక్కు. ఆ యువకుడు "నేను ఆంగ్లము చెప్పుకొనువాడను, నాకేల ఈ గొడవ?" అని ఊరకున్నచో అట్టి కొలువు ఉండెనన్న సంగతికూడ సరిగా నిలిచియుండదు.

ఇక మన ఇంటి సంగతికి వత్తము. మన మండలములోనే అనంతగిరి వద్ద కాళేశ్వరము పథకము క్రింద కట్టిన అన్నపూర్ణ జలాశయము ఉన్నది. 2020వ సంవత్సరములో దానిలోనికి నీరు చేరినది. దాని నీటి పరిమాణము 3.5 టి.ఎం.సి.లు. ఇంటిని, పొలమును విడిచిన అనంతగిరివారి కష్టము మీ అందరికిని తెలిసినదే. అటు మానువాడ వద్ద మానేరుమీద మధ్యమానేరు జలాశయము వెలసినది. ఎండకాలములో చుక్కనీటికి అలమటించిన నేలమీద నేడు విశాలమైన నీరు నిలిచినది. నీరు వచ్చుట మేలే. నేల రూపము ఇంతగా మారినప్పుడు, దానిమీది జీవకోటి కూడ మారక మానదు.

నేనొక ప్రశ్న అడుగుదును. ఆ నీటి క్రిందికి పోయిన గుట్టల నడుమ, చెలకలలో, వాగుల ఒడ్డున, 2020వ సంవత్సరమునకు పూర్వము ఏ మొక్కలుండెను? ఏ పక్షులు గూడు పెట్టెను? ఏ చేపలు ఏ నెలలో ఎదురెక్కెను? ఇవి ఆ ఊరి పెద్దలకు తెలియును. గొర్రెలు కాచినవారికి, చేపలు పట్టినవారికి, మూలికలు తెచ్చినవారికి తెలియును. వారు నేడు వేర్వేరు చోట్ల చెదరియున్నారు. వారి వయస్సు పెరుగుచున్నది. ఆరేడునకు ఒక వ్యాసము మిగిలినది. అనంతగిరికి ఏమి మిగులును? ఇంకను పది పదునైదేండ్లు మాత్రమే మనకు వ్యవధి కలదు. తరువాత అడుగుటకు మనుష్యులు ఉండరు. నేను ఈ దినమున బహుమానమును గూర్చి ఇంత పట్టుదలగా చెప్పుటకు కారణమిదియే.

"బహుమానము పెట్టినంతనే జనులు వ్రాయుదురా?" అను సందేహము రావచ్చును. మన సాహిత్య చరిత్ర దానికి సాక్ష్యము. తెలుగులో నవల అను ప్రక్రియ పసిబిడ్డగా ఉన్న దినములలో, రాజమహేంద్రవరమునుండి వెలువడిన "చింతామణి" పత్రికవారు నవలల పోటీ పెట్టి బహుమానములిచ్చిరి. 1894వ సంవత్సరములో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి "రామచంద్ర విజయము" అట్లు బహుమతి పొందినది. ఆ పోటీలవలన క్రొత్త రచయితలు బయలుదేరిరి, పాఠకులు పెరిగిరి. మన హైదరాబాదులో 1906వ సంవత్సరమున కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలగు పెద్దలు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చరిత్రమును, శాస్త్రములను తెలుగులో వ్రాయించిరి. ఆచంట లక్ష్మీపతిగారి "జీవశాస్త్రము" ఆ మండలి ప్రచురణమే. ఆ మండలియు నవలలకు పోటీలు నిర్వహించి రచయితలను ప్రోత్సహించినది. నవలలకు ఫలించిన ఉపాయము పరిశీలనలకు ఏల ఫలింపదు?

బహుమానమునకు కొన్ని దోషములు లేకపోలేదు. ఆశ పుట్టినచోట అబద్ధము పుట్టవచ్చును. దీనికి పెద్దవారి చరిత్రలోనే ఒక హెచ్చరిక ఉన్నది. మధ్యభారతపు అడవులలో ఒక చిన్న గుడ్లగూబ జాతి ఉన్నది. దాని నమూనాను 1914వ సంవత్సరములో గుజరాతులోని మాండ్విలో తానే సంపాదించితినని మైనర్ట్‌జాగెన్ అను ప్రసిద్ధుడైన ఆంగ్ల సేనాధికారి ప్రకటించెను. నిజమునకు అది వస్తుప్రదర్శనశాలనుండి అపహరింపబడి, తప్పుడు చీటీ తగిలింపబడిన పాత నమూనా. అతని మాట నమ్మి తప్పుచోట వెదకినవారికి పక్షి దొరకలేదు. ఈ మోసమును బయటపెట్టిన పమేలా రాస్‌ముస్సెన్ అను విదుషీమణి, నిజమైన పాత చీటీల ఆధారముతో వెదకి, 1997వ సంవత్సరములో మహారాష్ట్రములోని షహాదా వద్ద తన సహచరులతో కూడ ఆ పక్షిని మరల కనుగొనెను. ఒక అబద్ధపు చీటీ అందరిని దారి తప్పించినది, నిజమైన చీటీలు నూరేండ్ల తరువాతను దారి చూపినవి. కావున మన యువకులకు మొదట నేర్పవలసినది ఇది: కనబడనిది వ్రాయరాదు, అనుమానమున్నచో అనుమానమనియే వ్రాయవలెను. "గుర్తింపలేకపోతిని" అను మాటవలన పరిశీలకునకు అగౌరవము లేదు.

మరికొందరు, "మనది చిన్న ఊరు, మన చిన్న వ్రాతలను ఎవరు చదువుదురు?" అందురు. మెండెల్ అను సన్న్యాసి తన మఠపు తోటలో బఠాణీ మొక్కలు పెంచి, తల్లిదండ్రుల గుణములు సంతానమునకు ఎట్లు సంక్రమించునో లెక్కకట్టెను. ఆ ఫలితములను 1865వ సంవత్సరములో తన నగరమునందలి ప్రకృతిశాస్త్ర సంఘమున చదివెను. మరుసటి ఏడు ఆ సంఘమే వానిని అచ్చువేసినది. అప్పుడు పట్టించుకొన్నవారు లేరు. 1900వ సంవత్సరములో ఆ వ్యాసము మరల వెలుగులోనికి వచ్చి, ఒక క్రొత్త శాస్త్రమునకు పునాది అయినది. ఆయన మరణించి అప్పటికి పదునారు సంవత్సరములు. ఒక చిన్న సంఘము ఆ కొన్ని పుటలు అచ్చువేయకున్నచో ఏమగును? పాఠకుడు ఈ దినమే రానక్కరలేదు. ముప్పదినాలుగేండ్ల తరువాత వచ్చినను చాలును. గ్రంథాలయము నిరీక్షించుటకే కదా ఉన్నది!

ఇంతవరకు చెప్పినదానిని కార్యరూపమునకు తెచ్చుటకు రజతోత్సవమునకు మించిన శుభసమయము ఉండదు. ఈ గ్రంథాలయము పేరుమీద ఏటేట ఒక చిన్న బహుమానమును నెలకొల్పుడని కార్యవర్గమువారిని వినయముతో కోరుచున్నాను. దానికి నియమములు ఇట్లుండవచ్చునని నా సూచన.

వ్రాయువాడు ఈ మండలమువాడై, శాస్త్రవృత్తిలో లేనివాడో, చదువు ముగించి క్రొత్తగా ఆ వృత్తిలో ప్రవేశించినవాడో అయియుండవలెను. స్త్రీలు, విద్యార్థులు, వ్యవసాయదారులు, చేనేతవారు అందరును అర్హులే. విషయము ఈ ప్రాంతపు మొక్కలనుగాని, జంతువులనుగాని, నీటినిగాని గూర్చినదై యుండవలెను. వ్యాసము తెలిసినవారు పరీక్షించి ప్రకటించు పత్రికలో అచ్చయి యుండవలెను. విషయము చెప్పిన గొల్లవాని పేరో, గౌడుని పేరో, మంత్రసాని పేరో వారి అనుమతితో వ్యాసములో చేర్చవలెను. రస్సెల్ కాలమునాటి లోపమును మనము మరల చేయరాదు. గూళ్లు చెరుపుట, గ్రుడ్లు తీయుట, ప్రాణులను పట్టుట పనికిరాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని గట్టిగా నిషేధించుచున్నది. చివరిది, ఆ వ్యాసముయొక్క సారాంశమును తెలుగులో వ్రాసి ఇచ్చటి సభలో చదివి, ప్రతిని గ్రంథాలయమునకు సమర్పింపవలెను.

బహుమానము పెద్ద ధనము కానక్కరలేదు. ఒక మంచి దుర్భిణియో, పక్షులను మొక్కలను గుర్తించు గ్రంథములో చాలును. తరువాతి పరిశీలనకు పనికివచ్చు బహుమానమే ఉత్తమమైన బహుమానము.

ఇక ప్రారంభమెట్లు? ఒక నోటుపుస్తకము తీసికొని తేదీ, వేళ, స్థలము, చూచినది, ఎన్ని, ఎవరు చూచిరి అను ఆరు విషయములు వ్రాయవలెను. నేడు పెక్కుమంది చేతులలో ఫోను ఉన్నది, దానితో ఛాయాచిత్రము తీసి జతపరుపవచ్చును. విషయములకు కొదువ లేదు. తంగేడు, గునుగు ఏటేట ఏ వారములో పూయుచున్నవి, బతుకమ్మనాటికి అందుచున్నవా, ఆలస్యమగుచున్నవా? దసరానాడు మనము దర్శింపగోరు పాలపిట్ట, మన రాష్ట్రపక్షి, ఊరిచుట్టు ఎన్ని చోట్ల కనబడుచున్నది? అనంతగిరి నీటిమీదికి చలికాలములో వచ్చు బాతులు ఏ దినమున దిగుచున్నవి, ఏ దినమున పోవుచున్నవి? తొలకరి కురిసిన రాత్రి ఎన్ని రకముల కప్పలు అరచుచున్నవి? వీనిలో ఏ ఒక్క ప్రశ్ననైనను ఐదేండ్లు విడువక వ్రాసినవాడు, ఆ ఒక్క విషయములో పండితుడే.

అచ్చువేయువారును దూరమున లేరు. బొంబాయి సంఘపు పత్రిక 1886వ సంవత్సరమునుండి వెలువడుచున్నది. హైదరాబాదులో 1980వ సంవత్సరమున పక్షి ప్రేమికుల సంఘము స్థాపింపబడినది, దాని వార్తాపత్రిక పేరు అచ్చమైన తెలుగు పేరు, "పిట్ట". అదే నగరమునుండి ఆశీష్ పిట్టీ అను ఔత్సాహికుడు 2004వ సంవత్సరములో ప్రారంభించిన పత్రిక తరువాత "ఇండియన్ బర్డ్స్" అను పేర ప్రసిద్ధి చెందినది. వర్తక వృత్తిలోనివాడు పక్షిశాస్త్ర పత్రికకు సంపాదకుడగుట మన కన్నులయెదుటి నిదర్శనము. ఈ పత్రికలు ఆంగ్లములో ఉండుట కొందరికి అడ్డుగా తోచును. మొదట తెలుగులోనే వ్రాయుడు. ఊరి ఉపాధ్యాయులు, కళాశాలలో చదువు మన పిల్లలు ఆంగ్లములోనికి మార్చుటకు తోడ్పడుదురు. తెలుగు మూలమును గ్రంథాలయములో భద్రపరుపుడు. 2002వ సంవత్సరపు జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారుచేయవలసియున్నది. మీ నోటుపుస్తకములు దానికిని పునాది కాగలవు.

1901వ సంవత్సరములో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయమును స్థాపించినవారు, తెలుగువాడు తన భాషలో చదువుకొనవలెనని పోరాడిరి. ఆ పోరాటము ఫలించి నేడు పల్లెలలో గ్రంథాలయములు నిలిచినవి. చదువుట నేర్చినవాడు వ్రాయుట దానికి తరువాతి మెట్టు. తన ఊరిని, తన చెరువును, తన చెట్టును తానే వ్రాసికొనుట ఇంకొక మెట్టు. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి బీరువాలో ఒక వరుస ఎల్లంతకుంట వారు ఎల్లంతకుంటను గూర్చి వ్రాసిన వ్యాసములతో నిండియుండవలెనని నా కోరిక. ఆ వరుసలో మొదటి నోటుపుస్తకము అనంతగిరి పెద్దలను అడిగి వ్రాసినదై యుండవలెను. దానిని ఈ సంవత్సరమే ప్రారంభింపుడు.